చెవిని నమ్ముకోకు, చిట్టీ

చిరంజీవి చిట్టికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. కస్టమర్‌కి రాసిన మెయిల్లో 'మీ ప్రతిపాదన అంగీకరిస్తున్నాం' అనబోయి యాక్సెప్ట్ బదులు ఎక్సెప్ట్ అని రాశావని, మీ టీం లీడర్ దాన్ని గ్రూపులో పెట్టాడని, అప్పటినుంచి ఇంగ్లిష్‌లో రెండు లైన్లు రాయాలన్నా టెన్షన్‌గా ఉందని అన్నావు. తప్పును నలుగురిలో పెట్టడం అతను చేసిన తప్పు. అది నీ మనసులోంచి తీసెయ్. మాటను సరిచేసుకోవడం మాత్రం మన పని, దాని గురించే రాస్తున్నాను. కాస్త పొడుగు ఉత్తరమే, తీరిక చూసుకుని చదువు.

తెలుగు మీడియంలో చదవడం వల్లే ఇలా అవుతోందని రాశావు. అది నిజం కాదు. ఒకేలా వినిపించే మాటల్ని ఇంగ్లండులో పుట్టి పెరిగినవాళ్లు కూడా కలిపేస్తారు. కాకపోతే మనం తప్పు చేసే దారి వేరు. మన లిపి చెవికి దగ్గర. దాదాపు విన్నది విన్నట్టే రాస్తాం, రాసింది రాసినట్టే చదువుతాం. చిన్నప్పటినుంచి ఆ అలవాటుతో పెరిగి, అదే చెవితో ఇంగ్లిష్ కూడా రాయబోతాం. ఇంగ్లిష్ రాత దానికి లొంగదు. కాక్స్‌టన్ అనే ఆయన 1476లో లండన్ పక్కనే వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు పెరిగేకొద్దీ స్పెల్లింగులు మెల్లగా కుదురుకున్నాయి. సరిగ్గా ఆ శతాబ్దాల్లోనే అక్కడి జనం అచ్చులు, అంటే వవెల్స్, పలికే తీరు మారిపోతూ వచ్చింది. మాంసం అనే మీట్, కలుసుకోవడం అనే మీట్ ఒకప్పుడు వేరువేరుగా పలికిన మాటలు. పలుకులో ఇప్పుడవి కలిసిపోయాయి. రాతలో మాత్రం ఒకదానిలో ఇ-ఎ, ఇంకోదానిలో రెండు ఇలు అలాగే మిగిలాయి. మీ ఆఫీసులో రోజూ వాడే డెట్ అనే మాట తీసుకో. అప్పు అని అర్థం. అందులో వినిపించని బి ఎందుకుందంటే, లాటిన్‌లో దాని మూలమైన డెబిటుమ్ గుర్తుండాలని పండితులు చేర్చారు. అలాంటి రాతను చెవితో ఎలా పట్టుకుంటావు? కంటితో పట్టుకోవాలి.

దీనికి తోడు ఇంకో చిక్కుంది, దీన్ని ఇంగ్లిష్ పుస్తకాలు చెప్పవు. ఈ మాటలు చాలావరకు మనకు ముందే తెలుగులో పరిచయం. ఊరి చివర సైట్ కొన్నాం అంటాం. నాన్నకి సైట్ వచ్చింది, కళ్లజోడు మార్చాలి అంటాం. బ్యాంకు సైట్ ఓపెన్ కావట్లేదు అంటాం. మన నోట్లో అదంతా ఒకటే మాట. ఇంగ్లిష్‌లో స్థలానికి, ఇంటర్నెట్ సైట్‌కి ఎస్-ఐ-టి-ఇ. కంటిచూపుకి ఎస్-ఐ-జి-హెచ్-టి. లాయర్లు పాత తీర్పును ఉటంకిస్తారే, ఆ సైట్ సి-ఐ-టి-ఇ. సెంటు కూడా ఇంతే. ఎకరంలో నూరోవంతు సెంటు సి-ఇ-ఎన్-టి, పర్సెంట్‌లో ఉన్నదీ సెంచరీకి చుట్టమూ అదే, లాటిన్‌లో వంద. చొక్కా మీద కొట్టుకునే సెంటుకు ముందు ఎస్, తర్వాత సి. ఆ సి పదిహేడో శతాబ్దంలో అవసరం లేకుండా వచ్చి చేరింది. పంపించాను అనే సెంట్‌లో అసలు సి లేదు. మూడూ మన చెవికి ఒకేలా వినిపిస్తాయి కాబట్టి చెయ్యి కూడా మూడింటికీ ఒకటే స్పెల్లింగ్ వెతుక్కుంటుంది.

లూజు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది అర్థమైతే ఇంకో నాలుగు మాటలు వాటంతట అవే సర్దుకుంటాయి. జెడ్ శబ్దానికి మనకు అక్షరం లేదు, జతో సరిపెట్టుకుంటాం. చొక్కా లూజుగా ఉంది అంటాం. నిజానికి ఇంగ్లిష్‌లో వదులు అనే మాట చివర వినిపించేది స. లూస్ అనాలి, రాసేటప్పుడు రెండు ఓలు. పోగొట్టుకోవడం అనే మాట చివర వినిపించేది జెడ్. లూజ్ అనాలి, రాసేటప్పుడు ఒకే ఓ. అంటే 'చొక్కా లూజు' అన్నప్పుడల్లా మనం పోగొట్టుకోవడం అనే మాటనే పలుకుతున్నాం. పలుకు దగ్గరే కలిసిపోతే రాత దగ్గర ఎలా విడిపోతుంది? ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు వదులును లూస్ అనడం అలవాటు చేసుకో.

సలహా అనే అడ్వైస్, సలహా ఇవ్వడం అనే అడ్వైజ్ కూడా ఇదే తీరు. నామవాచకంలో సి, శబ్దం స. క్రియలో ఎస్, శబ్దం జెడ్. ఈ జంట పలుకులో విడిగా ఉంది కాబట్టి దీన్ని గట్టిగా పట్టుకుంటే, పలుకులో కలిసిపోయిన ప్రాక్టీస్, లైసెన్స్ కూడా దీని వెనకే వస్తాయి. బ్రిటిష్ పద్ధతిలో ఇవి నామవాచకమైతే సి, క్రియ అయితే ఎస్. మన డ్రైవింగ్ లైసెన్స్ కార్డు మీద చూడు, చివర్లో సి-ఇ ఉంటుంది. అమెరికా వాళ్లు ప్రాక్టీస్‌ని ఎప్పుడూ సితో, లైసెన్స్‌ని ఎప్పుడూ ఎస్‌తో రాస్తారు. మీ కంపెనీ ఏ పద్ధతిలో రాస్తుందో అడిగి తెలుసుకో. రెండూ తప్పు కావు, ఒకే ఉత్తరంలో రెండూ కలపకూడదు, అంతే. చెక్కు విషయంలోనూ ఇదే జాగ్రత్త. మన బ్యాంకుల్లో డబ్బు చెక్కుకు సి-హెచ్-ఇ-క్యూ-యు-ఇ, సరిచూడడానికి సి-హెచ్-ఇ-సి-కె. అమెరికాలో రెండింటికీ రెండోదే. నువ్వు నెట్‌లో చూసేవాటిలో అమెరికా రాత ఎక్కువగా తగులుతుంది, అందుకే చెబుతున్నాను.

ఇక మీ ఫైనాన్స్ ఆఫీసులో డబ్బుతో ముడిపడ్డ మాటలు. అన్నిటికన్నా ముందు ప్రిన్సిపల్. అప్పులో అసలు, కాలేజీలో పెద్ద రెండూ పి-ఎ-ఎల్‌తో ముగుస్తాయి. సూత్రం, నియమం అనే ప్రిన్సిపుల్ పి-ఎల్-ఇతో ముగుస్తుంది. ఇంగ్లిష్ పుస్తకాలు పాల్ అంటే స్నేహితుడు, ప్రిన్సిపాల్ నీ స్నేహితుడు అని గుర్తు చెబుతాయి. మనం ఎప్పుడూ వాడని మాటతో పెట్టుకున్న గుర్తు మనకు నిలవదు. మనకు అంతకన్నా మంచి మాటే ఉంది, అసలు. అప్పులో అసలు, కాలేజీలో అసలు మనిషి, గొడవకు అసలు కారణం. 'అసలు' అని అర్థం వచ్చే చోటల్లా పి-ఎ-ఎల్. బడిలో పిల్లలకు ఇలాగే చెప్పేదాన్ని, ఎప్పటికో కలిసినప్పుడు కూడా వాళ్లకు అది గుర్తుండేది.

వడ్డీ మాఫీ చేస్తాం అనే వేవ్‌లో ఐ ఉంటుంది, డబ్ల్యూ-ఎ-ఐ-వి-ఇ. ఐ పోతే చెయ్యి ఊపుతున్నామని అర్థం. ఆలస్యానికి ఓపిక పట్టండి అని రాసే బేర్ విత్ అస్‌లో బేర్ అంటే భరించడం, బి-ఇ-ఎ-ఆర్. దాన్ని బి-ఎ-ఆర్-ఇ అని రాస్తే బట్టలు విప్పడం అనే అర్థం వస్తుంది. ఈ తప్పు చాలామంది చేస్తారు. నీ పేరుతో వెళ్లే ఉత్తరంలో అది ఉండకూడదు.

స్టేషనరీలో ఏ అక్షరం పెట్టాలన్న అనుమానం నీకు ఎప్పుడూ ఉండేది. పూర్వం యూరప్‌లో ఊరూరా తిరిగి సరుకు అమ్మేవాళ్లు ఎక్కువ. అలా తిరగకుండా ఒకచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలు అమ్మేవాణ్ని స్టేషనర్ అన్నారు. లండన్‌లో వాళ్ల సంఘానికి 1557లో, రాణి మేరీ కాలంలో, ప్రభుత్వ అనుమతి పత్రం కూడా దక్కింది. బేకర్ అమ్మేది బేకరీ సరుకు అయినట్టే స్టేషనర్ అమ్మేది స్టేషనరీ. రెండింటిలోనూ ఇ-ఆర్, చివర వై. కదలకుండా నిలిచి ఉన్న బండి గురించి రాసేటప్పుడు ఎ-ఆర్-వై.

కొన్ని చోట్ల మన తెలుగు రాతే దారి చూపిస్తుంది. పేపర్లలో ఇంజనీరింగ్ సీట్ల దగ్గర 'కౌన్సెలింగ్' అని, మున్సిపాలిటీ దగ్గర 'కౌన్సిలర్' అని చూసి ఉంటావు. ఆ 'సె' ఉన్నచోట ఎస్-ఇ-ఎల్, సలహాకు సంబంధించింది. 'సి' ఉన్నచోట సి-ఐ-ఎల్, సభకు సంబంధించింది. అలాగే పాల డెయిరీలో డి తర్వాత ఎ, రాసుకునే డైరీలో డి తర్వాత ఐ. మన బోర్డుల మీద ఇవి తారుమారై కనిపిస్తుంటాయి, బోర్డులు చూసి నేర్చుకోకు. పిండిమర మీద ఫ్లోర్ మిల్ అని ఉంటుంది చూడు, అక్కడ ఉండాల్సింది నేల అనే ఫ్లోర్ కాదు, పిండి అనే ఫ్లవర్, ఎఫ్-ఎల్-ఓ-యు-ఆర్. విచిత్రం ఏమిటంటే పిండి, పువ్వు ఇంగ్లిష్‌లో ఒకప్పుడు ఒకటే మాట. గోధుమ పిండిలో మేలైన భాగాన్ని దాని పువ్వు అనేవాళ్లు. స్పెల్లింగులు తర్వాత విడిపోయాయి. ఇలాంటి కథలంటే నాకు ప్రాణం, ఇంకా రాయాలని ఉంది గానీ ఆపుతాను.

ఇక నేర్చుకునే పద్ధతి. నేను చెప్పేవాటిలో నువ్వు ఒక్కటే పాటించాలంటే దీన్ని పాటించు. జంట మాటల్ని పక్కపక్కన పెట్టుకుని చదవకు. బజారులో దొరికే పుస్తకాలన్నీ రెండు వరసల్లో వేసి ఇస్తాయి. అలా చదివితే అవి రెండూ జంటగానే బుర్రలో కూర్చుంటాయి, ఏది ఏదో మాత్రం తేలదు. ఒకదాన్ని ముందు గట్టి చేసుకో, రెండోదాని జోలికి వెళ్లకు. ఎఫెక్ట్, అఫెక్ట్ తీసుకుందాం. ముందు ఇతో మొదలయ్యేదే. సైడ్ ఎఫెక్ట్ మనకు చిన్నప్పటినుంచి తెలుసు. ఫలానా తేదీ నుంచి అమల్లోకి వస్తుంది అనడానికి సర్క్యులర్లలో విత్ ఎఫెక్ట్ ఫ్రం అని ఉంటుంది. అలా తోడున్న మాటలతో కలిపి కొన్ని రోజులు రాయి, చెయ్యి దానికదే ఇ వేసేదాకా. ఆ తర్వాత ఎతో మొదలయ్యేది, క్రియ. తుపానుకు దెబ్బతిన్న ప్రాంతాలను సైక్లోన్ అఫెక్టెడ్ ఏరియాస్ అంటారు, ఆ వాక్యంతో పట్టుకో. డబ్బు చెల్లింపు జరిపించడం అనే అర్థంలో ఎఫెక్ట్ కూడా క్రియగా వస్తుంది, మీ ఆఫీసు కాగితాల్లో తగలొచ్చు. మొదటి రెండూ స్థిరపడ్డాక దాని సంగతి చూసుకో.

నువ్వు పొరపాటు పడ్డ మాటకూ ఇదే దారి. ఎక్స్‌తో మొదలయ్యేవి చాలావరకు బయటికి పోయేవి. ఎగ్జిట్, ఎక్స్‌పోర్ట్ లాగా ఎక్సెప్ట్ అంటే లెక్కలోంచి బయటికి తీసెయ్యడం. దీన్ని ముందు స్థిరం చేసుకో. అంగీకరించడం అనేది ఎ, రెండు సిలతో విడిగా నిలబడుతుంది.

కంప్యూటర్ గీసే ఎర్రగీతను నమ్ముకోకు. మాట తప్పయితేనే అది గీత గీస్తుంది. నువ్వు రాసిన మాట కూడా డిక్షనరీలో ఉన్న మాటే కాబట్టి అది ఊరుకుంటుంది. క్వైట్ బదులు క్వయెట్, ఫ్రం బదులు ఫారం (ఎఫ్-ఓ-ఆర్-ఎం) పడితే కంటికే కనిపించాలి. ఇట్స్‌లో ఎస్‌కి ముందు పైకామా (అపాస్ట్రఫీ) పెట్టాలా వద్దా అన్నచోట, ఇట్ ఈజ్ అని విడదీసి చదువు. వాక్యం నిలిస్తే పైకామా పెట్టు, లేకపోతే వద్దు. ఇట్ హ్యాజ్ అని విడదీస్తే నిలిచినా పెట్టాలి. పైకి చదువుకుంటే తప్పులు దొరుకుతాయని కొందరు చెబుతారు. జారిపోయిన మాటలు దొరుకుతాయి గానీ ఇవి దొరకవు. మోసపోయేది చెవే కదా.

అందుకని ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. అందులో నెట్‌లో దొరికే లిస్టులు ఎక్కించకు. నువ్వు నిజంగా పొరపాటు పడ్డ మాటలే రాసుకో, ఒక్కోదానికి మీ ఆఫీసు వాక్యం ఒకటి. ఎవరైనా తడబడేవి కొన్ని మాటలే, అవే మళ్లీ మళ్లీ. ముఖ్యమైన మెయిల్ పంపేముందు కంట్రోల్ ఎఫ్ కొట్టి ఆ మాటలు మాత్రం వెతుక్కుని చూసుకో. టైం లేదు, అనుమానం తీరలేదు అంటే ఆ మాట వదిలేసి వేరే మాట వాడు. యాక్సెప్ట్ దగ్గర సందేహమొస్తే అగ్రీ అని రాయి. అందులో చిన్నతనం ఏమీ లేదు, చదివేవాడికి కావలసింది విషయం.

ఇప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ కస్టమర్‌కి సవరణ పంపావో లేదో నువ్వు రాయలేదు. పంపకపోతే రేపు పొద్దున్నే పంపు. పెద్ద క్షమాపణ అక్కర్లేదు. నిన్నటి మెయిల్లో ఫలానా మాట ఇలా చదువుకోగలరు అని ఒక లైను, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని ఒక లైను. మీ టీం లీడర్‌ను కూడా కాపీలో పెట్టు. కొన్నాళ్లు నీ డ్రాఫ్టులు నాకు పంపాలనుకుంటే పంపు. కస్టమర్ పేరు, అకౌంట్ నంబరు తీసేసి పంపు. రాత్రి భోజనాలయ్యాక చూసి పెడతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ