పాఠకుల ప్రశ్నలు: అవకాడో టెంక

ప్రశ్న: అవకాడో టెంకకు పుల్లలు గుచ్చి గ్లాసు నీళ్ల మీద నిలబెట్టి నెల దాటింది. మొలక రాలేదు సరికదా, నీళ్లు వాసన వస్తున్నాయి. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: ముందు టెంకను వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా లొట్టపడితే కుళ్లినట్టే, పారేయండి. గట్టిగా ఉంటే మాత్రం తొందరపడొద్దు. మొలకకు రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, చలికాలంలో ఇంకా ఆలస్యం. 20 నుంచి 27 డిగ్రీల వెచ్చదనం ఉండాలి.

నీళ్లు వాసన రావడానికి సాధారణంగా టెంకకు అంటిన గుజ్జే కారణం. దాన్ని పూర్తిగా కడిగేయాలి. వెడల్పాటి భాగం కిందికి, మొనదేలిన భాగం పైకి ఉండాలి. తలకిందులైతే వేరు నీళ్లకు దూరమవుతుంది. కింది మూడో వంతు మాత్రమే మునగాలి. మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చండి. టెంకను ఎండబెట్టి దాచకూడదు, ఎండితే మొలకెత్తే శక్తి పోతుంది. పండు కోసిన రోజే పెట్టేయడం మేలు.

మొదట గోధుమరంగు పొర ఎండి ముడతలుపడి ఊడుతుంది. తర్వాత టెంక పైనుంచి కిందికి నిలువునా పగులుతుంది. చాలామంది ఇది చూసి పాడైందనుకుని పడేస్తారు, అయ్యో అనిపిస్తుంది! ఆ పగులులోంచే తెల్లటి తల్లివేరు కిందికి దిగుతుంది, చిగురు ఆ తర్వాతే. రెండు బద్దల్లోనూ మొక్కకు కావలసిన ఆహారం ఉంటుంది, వాటిని విడదీయకండి.

నన్నడిగితే నీళ్లకన్నా మట్టే నయం. నీళ్లలో పెరిగిన వేరు పెళుసుగా ఉండి, నాటేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. తోటమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒకటి, బాగా మాగిన కంపోస్టు ఒకటి కలిపి, టెంకలో సగం పైకి కనిపించేలా నాటండి. కుండీ 20-25 సెంటీమీటర్ల వెడల్పుండి, అడుగున రంధ్రాలు ఉండాలి. మొక్క 15 సెంటీమీటర్లకు ఎదిగాక సగానికి కత్తిరించండి. చేతులు రావు గానీ, అలా చేయకపోతే ఒంటికాడగా సాగిపోతుంది.

ప్రశ్న: కుండీలో మొక్క ఆకుల కొసలు మాడి, ఆకులు వేలాడుతున్నాయి. నీళ్లు రోజూ పోస్తున్నాను.

జవాబు: రోజూ పోయడమే ముప్పు. మట్టి తడిగా ఉన్నా ఆకులు వాలితే వేర్లకు గాలి అందడంలేదని అర్థం. అలాంటి తడిలో ఫైటాఫ్తొరా అనే వేరుకుళ్లు తెగులు సులువుగా పట్టుకుంటుంది. రెండంగుళాల లోతున వేలు పెట్టి, పొడిగా తగిలితేనే పోయండి. కింది పళ్లెంలో నీరు నిలవనివ్వకండి. కొసలు మాడటం మాత్రం ఎక్కువగా ఉప్పదనం వల్ల. నీళ్లలోని క్లోరైడు, మోతాదు మించిన ఎరువు అవకాడోకు అసలు పడవు. మంచినీళ్లు నిదానంగా పోసి, అడుగునుంచి బాగా కారనివ్వండి. ఎరువు కొన్నాళ్లు ఆపండి.

ప్రశ్న: కాయలు ఎప్పుడు కాస్తాయి?

జవాబు: గింజ మొక్క కాపుకు ఐదేళ్ల నుంచి పదేళ్లు, అంతకుమించీ పట్టొచ్చు. పైగా తిన్న పండు లాంటిదే కాస్తుందన్న హామీ లేదు. పేరున్న హాస్ రకం కూడా కాలిఫోర్నియాలో గింజనుంచి అనుకోకుండా పుట్టిందే. దానికి 1935లో పేటెంటు వచ్చింది. పండు కోసమే అయితే, కాండం పెన్సిలంత లావయ్యాక, కాపునిస్తున్న మంచి చెట్టు కొమ్మతో అంటు కట్టించండి. అంటుకు కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచేయాలి, లేకపోతే గింజ మొక్కే మళ్లీ పైకొచ్చేస్తుంది.