అబ్బాయి కారు నడిపితే బీమా ప్రీమియం పెరుగుతుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. నా పేరు మీద 2019 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్ ఉంది. అయిదేళ్లకు పైగా ఒక్క క్లెయిమ్ కూడా చేయలేదు. మా అబ్బాయి ఇంటర్ పూర్తి చేశాడు, ఇంకో నాలుగు నెలల్లో పద్దెనిమిదేళ్లు నిండుతాయి. ఆదివారాలు మా కాలనీ లోపలి రోడ్లలో నేను పక్కన కూర్చుని కారు నేర్పిస్తున్నాను. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది, కొడుకును పాలసీలో చేర్చగానే ప్రీమియం దాదాపు రెట్టింపయిందని చెప్పాడు. మాకూ అలాగే పెరుగుతుందా? రెన్యువల్ దగ్గరపడింది. ఖర్చు తగ్గాలంటే థర్డ్ పార్టీ ఒక్కటే కట్టమని ఏజెంటు అంటున్నారు. కారును అబ్బాయి పేరు మీదకు మార్చితే ఏమైనా కలిసి వస్తుందా?

జవాబు: అబ్బాయి నడుపుతాడన్న కారణంగా మీ ప్రీమియం పెరగదు. అమెరికాలో ఇంట్లో కారు నడిపేవారందరి పేర్లూ కంపెనీకి చెప్పాలి, వారి వయసును బట్టి రేటు మారుతుంది, అందువల్ల మీ బావమరిది గారికి అంత భారం పడింది. మన దగ్గర లెక్క ప్రధానంగా బండిని బట్టి ఉంటుంది. ఎదుటివారికి జరిగే నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ ప్రీమియాన్ని ఇంజను సామర్థ్యాన్ని బట్టి ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. మీ స్విఫ్ట్ ఇంజను 1197 సీసీ కనుక, 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 3,416 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపితే సుమారు 4,031 రూపాయలు అవుతుంది. మీరు నడిపినా మీ అబ్బాయి నడిపినా ఇదే మొత్తం. సొంత కారు నష్టానికి కట్టే ఓన్ డ్యామేజీ ప్రీమియం కారు ప్రస్తుత విలువ, దాని వయసు, రిజిస్టరయిన ఊరు, మీకున్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు) వంటి వాటి మీద ఆధారపడుతుంది.

అయితే మీ ఉత్తరంలో ప్రీమియం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయం ఆదివారం పాఠాలు. వాటిని ఈ వారం నుంచే ఆపేయండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 4వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారు బహిరంగ ప్రదేశంలో కారు నడపకూడదు. పదహారేళ్లకు ఇచ్చే మినహాయింపు 50 సీసీ మించని మోటారు సైకిలుకే. కాబట్టి కారుకు ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికి ఇచ్చే లైసెన్సు) కూడా మీ అబ్బాయికి ఇప్పుడు రాదు. కాలనీ లోపలి రోడ్డే కదా అని చాలామంది అనుకుంటారు కానీ, ప్రజలు వచ్చిపోయే హక్కున్న ఏ వీధి అయినా చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశమే. మీరు పక్కన కూర్చోవడం మీకు రక్షణ కాకపోగా, మీ సమ్మతికి రుజువుగా నిలుస్తుంది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న 199ఎ సెక్షన్ ప్రకారం, మైనరు ఈ చట్టం కింద నేరం చేస్తే సంరక్షకుడిని లేదా వాహన యజమానిని దోషిగా భావిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, పన్నెండు నెలలపాటు కారు రిజిస్ట్రేషన్ రద్దు, అబ్బాయికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాకపోవడం అందులోని శిక్షలు. తనకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననో యజమాని నిరూపించుకోగలిగితే బయటపడవచ్చు. పక్క సీట్లో కూర్చుని నేర్పిస్తున్న తండ్రి ఆ మాట చెప్పలేడు.

బీమా కూడా ఇక్కడే చేతులెత్తేస్తుంది. మీ పాలసీ కాగితంలో డ్రైవర్ గురించి రాసిన నిబంధన ఒకసారి చదవండి. ప్రమాదం జరిగిన సమయానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండి, లైసెన్సు పొందడానికి అనర్హుడు కాని ఎవరు నడిపినా పాలసీ వర్తిస్తుందని అందులో ఉంటుంది. మైనరు నడిపితే మీ కారు మరమ్మతు క్లెయిమ్‌ను కంపెనీ తిరస్కరిస్తుంది. ఎదుటివారికి దెబ్బ తగిలితే వచ్చే ఇబ్బంది ఇంకా పెద్దది. నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ వర్సెస్ స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు, లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో బీమా కంపెనీ తప్పించుకోలేదనీ, యజమాని తెలిసి లేదా నిర్లక్ష్యంతో షరతు ఉల్లంఘించాడని కంపెనీయే నిరూపించాలనీ చెప్పింది. మీ విషయంలో ఆ నిరూపణకు కంపెనీ కష్టపడనక్కర్లేదు, అబ్బాయి వయసు మీకు తెలుసు. ఒక మైనరు తనకు చెప్పకుండా తాళం తీసుకుని మోటారు సైకిలు నడిపాడని యజమాని వాదించిన మరో కేసులో, బండి మైనరు చేతిలో దుర్వినియోగం కాకుండా చూసుకోవలసిన బాధ్యత యజమానిదేననీ, కంపెనీ చెల్లించిన పరిహారాన్ని అతని నుంచి వసూలు చేసుకోవచ్చనీ 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాంటి వసూలు ఉత్తర్వు వస్తే ఇల్లూ పొలమూ జప్తు దాకా పోవచ్చు.

పద్దెనిమిదేళ్లు నిండిన తర్వాత దారి సులువు. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోండి, అది ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న ముప్పై రోజుల తర్వాత పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్న కాలంలో కూడా పాలసీ వర్తిస్తుంది. కాకపోతే కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 3వ నియమాన్ని పాటించాలి. తెల్ల పలక మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం కారు ముందూ వెనకా ఉండాలి, కారును ఆపగలిగే స్థితిలో పక్కన లైసెన్సున్న వ్యక్తి కూర్చోవాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా కంపెనీకి అభ్యంతరం చెప్పే అవకాశం దొరుకుతుంది.

ఇక మీ ఏజెంటు గారి సలహా. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టడం చట్టరీత్యా తప్పు కాదు, ఖర్చు తక్కువన్నదీ నిజమే. కానీ కొత్తగా నేర్చుకున్న కుర్రాడి చేతిలో ఉండబోయే కారుకు నేను దాన్ని సిఫారసు చేయను. సొంత కారు నష్టం రాకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన అబ్బాయి కారులో స్నేహితులు ఎక్కుతారు. ప్రైవేటు కారులో ఉచితంగా ప్రయాణించేవారికి కేవలం చట్టం కోసం తీసుకునే థర్డ్ పార్టీ పాలసీ కింద రక్షణ ఉండదు, సొంత కారు నష్టానికీ కలిపి తీసుకునే సమగ్ర పాలసీ కింద ఉంటుంది. ఈ తేడాను సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. స్నేహితుడి తల్లిదండ్రులు పరిహారం కోరితే, థర్డ్ పార్టీ పాలసీతో ఆ మొత్తం మీ జేబులోంచి కట్టాల్సి వస్తుంది. అందువల్ల సమగ్ర పాలసీనే కొనసాగించండి. ఖర్చు తగ్గించుకోవడానికి వేరే మార్గాలున్నాయి.

అన్నిటికంటే పెద్ద మార్గం మీ చేతిలోనే ఉంది. అయిదేళ్లు వరుసగా క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం బోనస్ వస్తుంది. మీకు ఆ స్థాయి వచ్చే ఉంటుంది. అబ్బాయి గేటులోంచి వెనక్కి తీస్తూ బంపరు గీకాడనుకుందాం, షెడ్డులో 3,500 రూపాయల బిల్లు అయింది. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా 1,000 రూపాయలు మీరే భరించాలి కనుక, క్లెయిమ్ చేసినా చేతికి వచ్చేది మహా అయితే 2,500. దానికోసం బోనస్ మొత్తం పోతుంది, మళ్లీ ఆ స్థాయికి చేరడానికి ఇంకో అయిదేళ్లు పడుతుంది. చిన్న గీతలకు మీరే కట్టుకోండి, బీమాను పెద్ద ప్రమాదానికి ఉంచుకోండి. రెన్యువల్ సమయంలో రెండు మూడు కంపెనీల ధరలు పోల్చి చూడటం, తక్కువ తిరిగే కారుకు కిలోమీటర్ల లెక్కన కట్టే యాడ్-ఆన్ (పాలసీకి అదనంగా జోడించుకునే సదుపాయం) ఉందేమో అడగటం కూడా లాభమే. అలాంటి యాడ్-ఆన్లకు 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతి ఇచ్చింది. ప్రీమియం తగ్గించడం కోసం కారు విలువను మరీ తగ్గించి రాయించుకోవద్దు, దొంగతనమో పూర్తి నష్టమో జరిగినప్పుడు అంతే వస్తుంది. కంపెనీ మారేటప్పుడు బోనస్ లేకుండానే ఉందని రాయడం ఇంకా ప్రమాదకరం, పాత కంపెనీని అడిగి కనుక్కుంటారు, క్లెయిమ్ వచ్చినప్పుడు ఆ అబద్ధమే అడ్డొస్తుంది.

అబ్బాయి రక్షణ గురించి ఒక మాట చెప్పాలి. తండ్రి కారును నడిపే కొడుకు చట్టం దృష్టిలో యజమాని స్థానంలోకి వస్తాడు. తన తప్పు వల్లనే అతనికి ఏదైనా జరిగితే థర్డ్ పార్టీ పాలసీ కింద పరిహారం రాదు. కారు బీమాతో పాటు తీసుకునే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా రిజిస్టర్డ్ ఓనరుకు వర్తించేలా రాసి ఉంటుంది కనుక, దాని మీద భరోసా పెట్టుకోకుండా అబ్బాయి పేరున విడిగా ప్రమాద బీమా పాలసీ తీసుకోండి. తల్లిదండ్రులు దాదాపు ఎప్పుడూ ఈ ఒక్కదాన్నే మరచిపోతారు.

కారు అబ్బాయి పేరు మీదకు మార్చే ఆలోచన ఇప్పటికి మానుకోండి. బోనస్ కారుతో కాక మనిషితో ఉంటుంది కాబట్టి, మీ 50 శాతం అతనికి రాదు, అతను సున్నా నుంచి మొదలుపెట్టాలి. పైగా చేతులు మారిన పద్నాలుగు రోజుల్లోగా కంపెనీకి తెలిపి పాలసీలో పేరు మార్పించుకునే పని కూడా ఉంటుంది. మీ పేరు మీదే ఉంచి, లైసెన్సు చేతికొచ్చిన రోజు దాని నకలును పాలసీ కాగితాలతో పాటు కారులో పెట్టుకోండి.