ఆర్మీ, ఢిల్లీ ఆఫీసు, ఆ తర్వాత క్లాస్‌రూమ్: మా మావయ్య సంగతి

ప్రశ్న: సైన్యంలో ఆఫీసరుగా చేసి, రక్షణ శాఖలో పనిచేసి, చివరికి ప్రొఫెసర్ అయినవాళ్ల జీవితం ఎలా ఉంటుంది? వాళ్లు కాలేజీలో ఇమడగలరా?

అందరూ యూనిఫాం గురించే అడుగుతారండి. మధ్యలో ఢిల్లీలో ఫైళ్లతో కుస్తీ పట్టిన సంవత్సరాల గురించి ఒక్కరూ అడగరు. నన్నడిగితే మనిషిని మంచి మాస్టారుగా తయారుచేసేవి ఆ సంవత్సరాలే. యూనిఫాం వల్ల గోడకి ఫొటో వస్తుంది, అంతే. దీనికి నా దగ్గరున్న సాక్ష్యం ఒక్క మనిషి, మా మావయ్య. నాకది చాలు.

మావయ్యది తెనాలి పక్కన పల్లె. కోరుకొండ సైనిక్ స్కూలు, ఖడక్‌వాస్లాలో ఆఫీసర్లని తయారుచేసే ఎన్‌డీఏ, తర్వాత ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళం. మధ్యలో నీలగిరుల్లో వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ. ఆ కోర్సుకి మద్రాస్ యూనివర్సిటీ డిఫెన్స్ స్టడీస్‌లో ఎమ్మెస్సీ ఇస్తుంది. కార్గిల్ తర్వాత, 2001లో, రక్షణ మంత్రిత్వ శాఖలో ఆయుధాల కొనుగోళ్లకని విడిగా ఒక విభాగం పెట్టారు. చివరి పోస్టింగులు అందులోనే. కల్నల్‌కి 54 ఏళ్లకే రిటైర్మెంట్. మన రాష్ట్రంలో గుమాస్తాకి కూడా 62 దాకా ఉద్యోగం ఉంటుంది.

గుంటూరు వచ్చి ఇల్లు తీసుకున్నాక బంధువులు వరసగా చూడ్డానికొచ్చారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "బావా, క్యాంటీన్ కార్డు మీద నెలకి ఎన్ని బాటిళ్లిస్తారు?" ఢిల్లీలో ఏం చేశావని అడిగిన పుణ్యాత్ముడు లేడు. ముప్పై ఏళ్లు దేశమంతా తిరిగొచ్చిన మనిషి మనవాళ్లకి రమ్ము డిపో. పిల్లల్ని మాత్రం ఎవరూ ఆర్మీకి పంపరు. ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో పడేస్తారు.

నేను విజయవాడ, గుంటూరు మధ్యలో ఓ ప్రైవేటు యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చెప్తాను. పేరు వద్దులెండి, ఉద్యోగం ఉండాలిగా. మావయ్య అక్కడే అప్లై చేశాడు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న "నెట్ క్వాలిఫై అయ్యారా?", అంటే లెక్చరర్ల అర్హత పరీక్ష. రెండోది "స్కోపస్ పేపర్లెన్ని?", అంటే పేరున్న జర్నళ్లలో అచ్చయిన పరిశోధన వ్యాసాలు. ఆయన గొంతు పెంచలేదు. సంచీలోంచి యూజీసీ 2022లో ఇచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ (పని అనుభవంతో వచ్చే ప్రొఫెసర్) మార్గదర్శకాలు తీశాడు. అవసరమైన చోట పసుపు చీటీ అంటించి ఉంది. 15 ఏళ్ల అనుభవం ఉంటే పీహెచ్‌డీ అక్కర్లేదు, మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా ఇట్లా తీసుకోవచ్చు, సైన్యం నుంచి వచ్చినవాళ్లని కూడా తీసుకోవచ్చని అందులో రాసే ఉంది. ఆ కాగితం యాజమాన్యం అప్పుడే మొదటిసారి చూసినట్టుంది. యుద్ధం గురించి ఎంత చెప్పినా ఆ పోస్టు వచ్చేది కాదు. చీటీ అంటించిన కాగితం ఇప్పించింది.

మా దగ్గర డిఫెన్స్ స్టడీస్ లేదు కాబట్టి ఎంబీఏ వాళ్లకి లాజిస్టిక్స్, అంటే సరుకుల రవాణా, సరఫరా పాఠం ఇచ్చారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది కదా, ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన ఆ వరదప్పుడు. ఆ తర్వాత కాలేజీ తెరిచిన వారంలోనే ఆయన క్లాసుకి నన్ను పంపారు, తోటి అధ్యాపకుడి పాఠం చూసి మార్కులేసే ఫారం పట్టుకుని. మేనల్లుణ్ణే మావయ్యకి మార్కులెయ్యమన్నారంటే మా వ్యవస్థ ఎట్టాంటిదో చూడండి.

పిల్లలు ముందే మొదలెట్టారు. బుడమేరు కాలువ గండ్లు పూడ్చడానికి ఆర్మీ ఇంజనీర్లు వచ్చారుగా, వాళ్లలో మీకు తెలిసినవాళ్లు ఉన్నారా సార్ అని. ఆయన ఆ మాట పట్టించుకోకుండా బోర్డు మీద అడ్డంగా ఓ గీత గీశాడు.

"ఇది సింగ్‌నగర్ ఫ్లైఓవర్. ఇవతల పొడి నేల, లారీ నిండా పులిహోర పొట్లాలు. అవతల నీళ్లు. సందు చివర డాబా మీద ఓ ముసలమ్మ. పొట్లం ఆమె చేతికి ఎట్టా చేరుద్ది?"

"బోటు సార్." "బోటుకి రెండొందల పొట్లాలు, ట్రిప్పుకి గంట, పగలు పది గంటలు. లోపల ఇరవై వేలమంది, రెండు పూటలు. లెక్క కట్టండి." కట్టారు. బోటుకి రోజుకి రెండు వేల పొట్లాలు, కావాల్సినవి నలభై వేలు, ఇరవై బోట్లు. ఒకడు డ్రోన్ అన్నాడు. "ఎన్ని కిలోలు మోసుద్ది?" అనగానే కూర్చున్నాడు.

వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచాడు. వాళ్ల ఇల్లు అక్కడే. "సార్, మా సందు మొదట్లో ఉన్నోళ్లకి మూడుసార్లు వచ్చినయ్యి. మాకు ఒక్కసారి కూడా రాలా." మావయ్య సుద్దముక్క వాడి చేతికిచ్చి గియ్యమన్నాడు. వాడు సందు గీసి, మునిగిన ఆటోలు ఎక్కడున్నాయి, కరెంటు తీగలు ఎక్కడ కిందికి జారాయి, బోటు ఎక్కడ ఆగిపోయిందో అంతా పెట్టాడు. అప్పుడు మావయ్య అడిగాడు: "లోపలికి పోవడానికి ఈ ఇరవై కాక చిన్న బోట్లు కూడా కావాలి. ఆ కాగితం మీద సంతకం ఎవరు పెట్టాలి? నీళ్లొచ్చాకా, రాకముందా?" మిగతా క్లాసంతా ఆ కాగితం రాయడమే. ఒక పేజీ దాటకూడదు. ఏం కావాలి, ఎందుకు, ఎంతవుద్ది, కొనకపోతే ఏమవుద్ది. ఒక్కొక్కడూ రెండేసిసార్లు తిరగరాశాడు.

చివర్లో ఫిరంగుల కథ చెప్పాడు. 1986లో స్వీడన్ కంపెనీ బోఫోర్స్‌తో 410 శతఘ్నులకి ఒప్పందం, మరుసటేడాది ముడుపుల గొడవ. ఆ తర్వాత కొత్త పెద్ద శతఘ్నులు, ఎం777, కే9 వజ్ర, లాంఛనంగా సైన్యంలోకొచ్చింది 2018 నవంబరులో, దేవలాలీలో. "ఆ ముప్పై ఏళ్లూ జవానుకి ధైర్యం తగ్గలేదురా, సంతకం పెట్టేవాడికి తగ్గింది" అన్నాడు.

సరిహద్దులో మాత్రమే చేసినవాడు ఈ పాఠం చెప్పలేడు. పుస్తకం మాత్రమే చదివినవాడు అసలు చెప్పలేడు. ఫారంలో మాత్రం "పీపీటీ వాడారా?", "కోర్సు లక్ష్యాలు ముందుగా ప్రకటించారా?" అనే గళ్లున్నాయి. రెండింటికీ లేదనే రాయాలి. మార్కులు తక్కువే వచ్చాయి. అదే కారిడార్‌లో గైడు చూసి చదివే ఆయనకి ప్రతి ఏడాదీ ఫుల్ మార్కులు.

మా మావయ్య ఒక్కడే అనుకోకండి. ఆర్టిలరీ డైరెక్టర్ జనరల్‌గా చేసిన లెఫ్టినెంట్ జనరల్ పి.ఆర్. శంకర్ రిటైరయ్యాక ఐఐటీ మద్రాస్ ఏరోస్పేస్ విభాగంలో ప్రొఫెసర్‌గా చేరారు.   పైగా 2020లో రక్షణ శాఖలోనే సైనిక వ్యవహారాల విభాగం పెట్టి, మూడు దళాల ఉమ్మడి ప్రధానాధికారి అయిన సీడీఎస్‌ని దానికి కార్యదర్శిగా కూర్చోబెట్టారు. అంటే యూనిఫాంలో ఉండగానే ఫైళ్లు చూసేవాళ్లు పెరుగుతారు. ఇకమీదట ఇట్లాంటి మాస్టార్లు ఇంకా ఎక్కువమంది వస్తారు, రాసిపెట్టుకోండి.

ఇమడగలరా అన్నారు కదా. తొమ్మిదింటి క్లాసుకి తొమ్మిదింపావుకి వచ్చే పిల్లలతో ఆయనకేం పేచీ లేదు, బయట నిలబెడతాడు, అంతే. కష్టమల్లా "చూద్దాం సార్" అనే పైవాళ్లతో. దానికి ఢిల్లీలో శిక్షణ అయిపోయింది. వచ్చే సెమిస్టర్‌కి ప్రభుత్వ కొనుగోళ్ల మీద ఓ పేపర్ పెట్టమని డీన్‌కి ఒక పేజీ నోట్ ఇచ్చాడు, నకలు మీద తేదీ వేయించి సంతకం పెట్టించుకుని మరీ. ఈ పోస్టు మామూలుగా మూడేళ్లే, తప్పదనుకుంటే ఇంకో ఏడాది. ఫైలు ఇంకా డీన్ టేబుల్ మీదే ఉంది.