పొత్తికడుపు నొప్పి: ముందు ఆ మాత్రల సంగతి చూడండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రెండేళ్లుగా పొత్తికడుపులో నొప్పి. నెలసరిలో ఎక్కువ, మిగతా రోజుల్లోనూ ఉంటుంది. ఎక్కువసేపు కూర్చున్నా, కలయిక సమయంలోనూ పెరుగుతోంది. స్కానింగ్ నార్మల్. రోజూ రెండు నొప్పి మాత్రలు వేసుకుంటేనే పని చేసుకోగలుగుతున్నాను. గర్భసంచి తీయించుకుంటే నొప్పి పోతుందా?

జవాబు: గర్భసంచి సంగతి తర్వాత. నాకు కంగారుగా ఉన్నది ఆ మాత్రల గురించి. ఏ మందో, ఎన్నాళ్లుగానో రాయలేదు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి నెలసరిలో రెండు మూడు రోజులు వాడటం వేరు, నెలల తరబడి రోజూ మింగడం వేరు. కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, బీపీ పెరగొచ్చు. ఈ మధ్యే ఒకామె సంచిలోంచి సగం వాడిన నాలుగు స్ట్రిప్పులు తీసి నా బల్ల మీద పెట్టారు. పేర్లు నాలుగు రకాలు. వెనకవైపు చిన్నక్షరాలు చదివితే మూడింటిలో ఉన్నది డైక్లోఫెనాకే. ఒకటి పనిచేయకపోతే ఇంకోటి వేసుకుంటున్నారట. మీవీ ఓసారి తిప్పి చదవండి. ఈ వారంలోనే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి, బీపీ చూపించుకోండి.

రెండేళ్లు ఎందుకు ఆగారమ్మా? ఆరు నెలలు దాటితే చాలు, దీన్ని దీర్ఘకాలిక నొప్పి అంటాం. స్కానింగ్ నార్మల్ అన్నంత మాత్రాన లోపల ఏమీ లేదని కాదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట పెరగడం) చాలాసార్లు మామూలు అల్ట్రాసౌండ్‌లో దొరకదు. మూత్రాశయం, పేగులు కూడా కారణం కావచ్చు. కూర్చుంటే పెరుగుతోందన్నారు కాబట్టి, కటి కండరాలు (పొత్తికడుపు అడుగున గర్భసంచి, మూత్రాశయాలను మోసే కండరాలు) బిగుసుకుపోయాయేమో గైనకాలజిస్టు చేత్తో పరీక్షించి చూడాలి. అదే అయితే ఫిజియోథెరపీతో చాలామందికి ఉపశమనం ఉంటుంది. వీడియోలు చూసి కీగల్ వ్యాయామాలు (ఆ కండరాలను బిగించి వదిలేవి) మాత్రం మొదలుపెట్టకండి. బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరగొచ్చు.

గర్భసంచి తీసేశాక కూడా అదే నొప్పితో వచ్చేవాళ్లను చూస్తుంటాను. కారణం గర్భసంచిలోనే ఉందని తేలితే అప్పుడు ఆలోచించవచ్చు. చూడకుండా ఇంతకు మించి చెప్పలేను.

నొప్పి ఏళ్లు సాగితే నరాలే అతిగా స్పందించడం మొదలుపెడతాయి. అది మీ ఊహ కాదు. అందుకే డాక్టరు ఆ నరాల నొప్పి తగ్గడానికి తక్కువ డోసులో ఎమిట్రిప్టిలిన్ రాస్తే, డిప్రెషన్ మందని భయపడి మానేయకండి. ఈలోగా వేడినీళ్ల సంచి, కాసేపు నడక, వేళకు నిద్ర. నెలసరి తేదీలు, నొప్పి పదికి ఎంత, మూత్రం, మలం, మాత్రలు ఒక నోట్‌బుక్‌లో రాసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

జ్వరంతో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, నెలసరి తప్పాక ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి, నల్లటి మలం: వీటిలో ఏది కనిపించినా మాత్ర వేసుకుని పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.