ముల్లు పైకి పోతుంటే స్ప్రింగుల సంగతి తర్వాత

ప్రశ్న: అన్నా, నమస్తే. తొమ్మిదేళ్ల డీజిల్ కారు నాది. ఇంటిల్లిపాదీ ఎక్కి డిక్కీ నింపితే వెనక కుంగి, స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు తగులుతోంది. స్ప్రింగుల దగ్గర స్పేసర్లనే దిమ్మలు వేసి ఎత్తు పెంచుదామంటున్నాడు టైర్ల షాపాయన. పైగా హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు లేస్తోంది, హైవే ఎక్కితే దిగుతోంది. థర్మోస్టాట్ వాల్వు తీసేస్తే సరిపోతుందని మెకానిక్ మాట. ఉన్న డబ్బులు ఒక్క పనికే వస్తాయి. ఏది ముందు?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: తమ్ముడూ, ముందు ఇంజన్ వేడి సంగతి చూడు. స్ప్రింగు కుంగితే నడుము నొప్పితో పోతుంది, ఇంజన్ కాగి పైన మూతలా ఉండే హెడ్ వంగిందంటే ఆ ఖర్చుకు తట్టుకోలేవు.

సగం జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. ఆగితేనే ముల్లు లేస్తోందంటే నా అనుమానం ఫ్యాన్ మీదే. ఇంటి ముందు ఏసీ ఆపి, బండి స్టార్ట్ చేసి బానెట్ లేపి చూడు, చేతులు మాత్రం దూరంగా పెట్టు. ముల్లు సగం దాటినా ఫ్యాన్ తిరగట్లేదా, వెంటనే ఏసీ వెయ్యి, ఏసీతో పాటు ఫ్యాన్ తిరగాలి. అప్పుడు తిరిగితే మోటారు బాగున్నట్టే, సెన్సారు, వైరింగు చూపించు. అప్పుడూ తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరసగా చూడాలి.

ఫ్యాన్ తిరుగుతున్నా ముల్లు ఆగకపోతే ముందుండే ఏసీ జాలీకీ (కండెన్సర్) రేడియేటర్‌కూ మధ్య సందులో టార్చి వేసి చూడు. పత్తి సీజన్‌లో రోజూ వరంగల్ ఏనుమాముల మార్కెట్ దారిలో తిరిగిన ఒక కారులో అక్కడ దూది, దుమ్ము కలిసి గొంగడిలా అతుక్కుపోయింది, నేనే చేత్తో పీకాను. గాలి చొరబడే సందే లేదు, ఫ్యాన్ ఎంత తిరిగి ఏం లాభం.

వాల్వు తీసేయనివ్వకు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే తలుపు అది, సాధారణంగా 80, 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. తీసేస్తే పొద్దున ఇంజన్ తొందరగా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అసలు తప్పు అట్లాగే ఉంటుంది. అనుమానముంటే విప్పి మరిగే నీళ్లలో వేలాడదీయమను. తెరుచుకోకపోతే కొత్తది వేయించు, అంతే.

ఇక స్పేసర్లు. వాటితో ఎత్తు పెరుగుతుంది గానీ అలసిపోయిన స్ప్రింగుకు బలం రాదు. ముందు వైపు ఎక్కువ ఎత్తితే చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు వాలుగా తిరిగి తొందరగా అరుగుతాయి, అలైన్‌మెంట్ మారుతుంది. డబ్బులు చేతికొచ్చాక వెనక స్ప్రింగులు జతగా కంపెనీ కొలతవే మార్పించు. షాక్ అబ్జార్బర్లు నూనెతో తడిగా ఉన్నా, డిక్కీ నొక్కి వదిలితే బండి రెండు మూడుసార్లు ఊగినా వాటినీ జతగానే మార్చాలి.

ప్రశ్న: మేడారం దారిలో ఇంజన్ కాగి ఆగిపోయాం. దగ్గర్లో బోరింగు నీళ్లే ఉన్నాయి, పోయొచ్చా?
– ఒక పాఠకురాలు, ములుగు

జవాబు: పోయొచ్చమ్మా, కానీ వెంటనే కాదు. లోపల ప్రెషర్ వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తిప్పగానే ఒక్కసారిగా మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ఇంజన్ ఆపి, బానెట్ లేపి కనీసం అరగంట ఆగండి, మూత చేతికి చల్లగా తగిలాక కొద్దికొద్దిగా పోయండి. ఊరు చేరాక ఆ నీళ్లు తీయించి, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ నింపించండి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొర రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది.