దిగివచ్చింది ఎవరో ముందు చెప్పు

ప్రభువునందు ప్రియమైన చెల్లెమ్మకు,

వందనాలు. క్రీస్తు దీనత్వం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది, భక్తి నిజమైనదని తెలుస్తోంది. కానీ చివరిదాకా చదివినా ఒక సంగతి తేలలేదు: తగ్గించుకోమని నువ్వు చెబుతున్నది ఎవరికి? అది తేల్చకుండా రాస్తే దీనత్వం అందరికీ ఒకేలా పంచే నీతివాక్యం అయిపోతుంది. అపొస్తలులు అలా బోధించలేదు.

ముందు ఫిలిప్పీ పట్టణపు సంఘానికి పౌలు రాసిన పత్రికను ఒకే బిగిన చదువు. 4 అధ్యాయాలు, 104 వచనాలు, అరగంట చాలు. నువ్వు 2వ అధ్యాయం 5వ వచనంతో ఎత్తుకున్నావు, పట్టు తప్పింది అక్కడే. దానికి ముందు పౌలు కక్ష వద్దు, వృథాతిశయం వద్దు అంటున్నాడు. 4వ అధ్యాయంలో ఆ సంఘంలోని ఇద్దరు స్త్రీలను, యువొదియను, సుంటుకేను, ఏకమనస్సుతో ఉండమని పేరుపెట్టి బతిమాలుతున్నాడు. ఆ ఊరు ఎలాంటిదో కూడా ఒక్క వాక్యంలో చెప్పు. క్రీ.పూ. 42 నాటి యుద్ధం తర్వాత రోమా మాజీ సైనికులకు భూములిచ్చి నిలిపిన వలస పట్టణం అది. తాము చేసిన పదవులన్నీ వరసగా రాతిమీద చెక్కించుకున్నవాళ్ల శాసనాలు అక్కడ దొరికాయి. ఆ ఊరి సంఘానికి రాస్తూ పౌలు 3వ అధ్యాయంలో తన వంశం, గోత్రం, పరిసయ్యుడిగా తనకున్న పేరు అన్నీ వరసపెట్టి, వాటిని నష్టంగా ఎంచుకున్నానంటాడు. ఈ రెండు వరసలూ పక్కపక్కన పెడితే నువ్వు వ్యాఖ్యానం చేయనక్కర్లేదు.

ఇప్పుడు 2వ అధ్యాయం 6 నుంచి 11 వచనాల వరకు క్రియల కింద గీత గియ్యి. 6, 7, 8లో పనులన్నీ క్రీస్తువే: దేవునితో సమానతను పట్టుకు కూర్చోలేదు, తన్ను తాను రిక్తుణ్ణి (ఖాళీగా) చేసుకున్నాడు, తగ్గించుకున్నాడు. మెట్టు మెట్టుకీ కిందికి. చివరి మెట్టు సిలువ. రోమా పాలనలో బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసిన శిక్ష అది, పౌరులు మామూలుగా దాని పాలబడరు. పౌరసత్వాన్ని చూసి గర్వించే ఊరికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించు. 9వ వచనంలో కర్త మారతాడు, అక్కడినుంచి పనిచేసేది దేవుడు. నువ్వు ఈ మార్పును దాటేసి, ‘తగ్గించుకున్నాడు కాబట్టి హోదా పెరిగింది’ అని రాశావు. దీనత్వాన్ని పైకెక్కే ఉపాయంగా మార్చే మాట అది. 4వ శతాబ్దంలో, కుమారుడు తండ్రితో సమానుడు కాడన్న అరియన్లు ఈ వచనాన్నే చూపించి, కుమారుడు బహుమానంగా హెచ్చింపబడ్డాడని వాదించారు. ఆ హెచ్చింపు మనకోసం ఆయన ధరించిన మనుష్యత్వానికి చెందిందని అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ జవాబిచ్చాడు. ఆ పేరా తీసెయ్యి.

ఈ భాగం పౌలుకు ముందే సంఘంలో పాడుకున్న కీర్తన అని ఖాయంగా రాశావు. చాలామంది పండితులు అలా అనుకుంటారు, అందరూ కాదు. ‘కావచ్చు’ అని రాస్తే చాలు.

యేసు శిష్యుల పాదాలు కడిగిన ఘట్టంలో లూకా 22నీ యోహాను 13నీ కలిపేశావు. ఎవరు గొప్ప అనే వాదం లూకాలోని భోజనంలో ఉంది, అక్కడ పళ్లెమూ తువాలూ లేవు. యోహానులో అవి ఉన్నాయి, వాదం లేదు. వేటికవి విడిగా చెప్పు. యోహాను వైపు విశేషణాలన్నీ కొట్టేసి పనులు మాత్రం ఉంచు: లేచాడు, పైవస్త్రం తీసిపెట్టాడు, తువాలు నడుముకు కట్టుకున్నాడు, పళ్లెంలో నీళ్లు పోశాడు, కడిగాడు, తుడిచాడు. వీటికి ముందు 3వ వచనం తప్పనిసరి: తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడని ఎరిగి లేచాడు. అన్నీ చేతిలో ఉన్నవాడు లేచి పళ్లెం పట్టాడన్నది విడిచిపెడితే మిగిలేది మర్యాద మాత్రమే. ఆయన్ని అప్పగించబోయే యూదా బయటికి వెళ్లేది 30వ వచనంలో, అంటే అతని పాదాలు కూడా ఆ చేతులే కడిగాయి. ఇది నీ వ్యాసంలో లేదు, చేర్చు.

ఇక కష్టమైన చోటు. 1 పేతురు 2:18 కఠినులైన యజమానులకు సైతం లోబడమని ఇంటి బానిసలకే చెబుతుంది, క్రీస్తు బాధను మాదిరిగా చూపుతుంది. దాన్ని దాచకు. అన్యాయపు దెబ్బను అన్యాయమనే పిలుస్తుందని చూపించు. 5వ అధ్యాయంలో పెద్దలను మందపై ప్రభువుల్లా ఉండొద్దంటుందని కూడా చూపించు. నీ పాఠకుల్లో చాలామంది దళిత కుటుంబాలవాళ్లు. దొరల వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్ల మనవలకు ‘ఇంకా వంగండి’ అని వినిపించే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. మొదట తువాలు కట్టుకోవాల్సింది సంఘంలో కుర్చీ ఉన్నవాళ్లు.

సేవ అంటే ఏమిటో చూపడానికి నీ ఉపమానాలకు బదులు 2వ శతాబ్దానికి వెళ్లు. ఆదివారం పోగైన కానుకలు అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, ఖైదీలకు, పరదేశులకు చేరేవని ఆ కాలపు క్రైస్తవ రచయిత జస్టిన్ రాశాడు. దాదాపు 112లో రోమా పాలనలోని బితూనియ ప్రాంతపు అధికారి ప్లినీ, సంఘ పరిచారికలైన ఇద్దరు బానిస స్త్రీలను హింసపెట్టి విచారించానని చక్రవర్తి ట్రాజన్‌కు నివేదించాడు. ఈ రెంటికీ చెరొక పేరా ఇవ్వు.

తొలి సంఘకాలంలో రోమా సంఘం కొరింథు సంఘానికి పంపిన క్లెమెంతు పత్రిక 16వ అధ్యాయాన్ని జాగ్రత్తగా వాడు. ఆడంబరంతో రాగలిగీ రాలేదని క్రీస్తును గురించి అందంగా అంటుంది, యెషయా 53ను దాదాపు పూర్తిగా ఎత్తి రాస్తుంది. అయితే అది కొరింథులో తొలగించిన పెద్దల పక్షాన రాసిన ఉత్తరం. ఆ సందర్భం చెప్పకుండా వాడితే, నువ్వు అనుకోకుండానే అధికారం వైపు మాట్లాడినట్టవుతుంది.

ముందు ఫిలిప్పీ భాగం తిరగరాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ప్రభువునందు,
నీ అన్న