గిరి ప్రదక్షిణకు ముందు విదేశీ నిద్ర తీరేది ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వయసు నలభై దాటింది, షుగర్ మాత్రలు వాడుతున్నాడు. ఈ ఆషాఢ పౌర్ణమికి సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకున్నాడు గాని, సెలవు దొరకక నడకకు మూడు రోజుల ముందు మాత్రమే హైదరాబాద్‌లో దిగుతున్నాడు. మా ఇల్లు విజయనగరంలో గంటస్తంభం దగ్గర. వాడు వచ్చాడని తెలిస్తే చుట్టాల రాకపోకలకు అంతుండదు. హైదరాబాద్ హోటల్లో ఒక రోజు పడుకుని రమ్మని వాడి స్నేహితులు, విశాఖ బీచ్ దగ్గర గది తీసుకోమని మా అల్లుడు, నెల్లిమర్ల పక్క పల్లెలో ఉన్న తన ఇంటికి పంపమని మా చెల్లెలు చెబుతున్నారు. మా ఆడపడుచు మాత్రం "అమెరికా వాళ్ళకు వచ్చిన కొత్తలో రాత్రి నిద్రే పట్టదు కదా, ఇంకా హాయిగా నడుస్తాడు" అని నవ్వుతోంది. వాణ్ణి ఎక్కడ ఉంచమంటారు?
— ఒక తల్లి, విజయనగరం

జవాబు: అమ్మా, మీ ఆడపడుచుగారు నవ్వుతూ అన్నా ఆ మాటలో సగం నిజం ఉంది. ఆషాఢ మాసంలో డాలస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. మనకు రాత్రి 10 గంటలైతే మీ అబ్బాయి ఒంటికి అది ఉదయం 11.30, అంటే మంచి హుషారుగా పనిచేసుకునే వేళ. మనకు మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు అతని శరీరం తెల్లవారుజామున 3.30 నుంచి 5.30 అనుకుంటుంది. ఒంటి వేడి బాగా తగ్గి, మెలకువగా ఉండటం అన్నిటికంటే కష్టమయ్యే వేళ అదే. శరీరం కొత్త వేళలకు సర్దుకునేది రోజుకు సుమారు ఒక గంట చొప్పున కాబట్టి, మూడు రోజుల్లో అతను పూర్తిగా మన కాలానికి మారడం జరిగే పని కాదు. మారాలని ప్రయత్నించనవసరం లేదని కూడా నా అభిప్రాయం. సింహాచలం కొండ చుట్టూ తిరిగే ఈ నడక ఎలాగూ రాత్రిదే గనుక, మారే పనిని నడక అయ్యాకే పెట్టుకోవచ్చు. ఈ మూడు రోజులూ అతనికి కావలసింది మధ్యాహ్నం పూట ఎవరూ లేపని నిద్ర.

ఆ కొలతతో చూస్తే మీ చెల్లెలుగారి ఇల్లే మేలు. గంటస్తంభం దగ్గర పగటి సందడి సంగతి మీకే బాగా తెలుసు. దానికి తోడు వచ్చే ప్రతి చుట్టమూ సరిగ్గా భోజనాల వేళకో, ఆ తరువాతో వస్తారు, అంటే అతను పడుకోవలసిన వేళకే. "ఒక్కసారి చూసి వెళ్లిపోతాం" అనే చూపులు గంటకు తక్కువ కావు. పౌర్ణమి దాటాకే అబ్బాయి ఇంటికి వస్తాడని ముందే అందరికీ చెప్పేయండి. హైదరాబాద్ హోటల్ వల్ల ప్రత్యేక లాభం లేదు, ఎందుకంటే గడియారం అక్కడా ఇక్కడా ఒకటే. అయితే విమానం అర్ధరాత్రి దిగి, విశాఖ విమానం కోసం తెల్లారేదాకా కుర్చీలో కూర్చోవలసి వస్తే, ఆ ఒక్క పూటకు అక్కడ గది తీసుకోవడం మంచిదే. ప్రదక్షిణ రోజున సింహాచలంలోనే విశ్రాంతి తీసుకుందామన్న ఆలోచన మాత్రం ఎవరు చెప్పినా వద్దు. లక్షల మంది చేరే చోట మధ్యాహ్న నిద్ర దొరకదు.

నెల్లిమర్లలో అతని దినచర్య ఇలా ఉంటే బాగుంటుంది. రాత్రి నిద్ర పట్టినంత పడుకోవాలి, పట్టకపోతే దీపం తగ్గించి ఊరికే పడుకుని ఉండాలి, ఫోన్ పట్టుకోకూడదు. ఉదయపు ఎండ మంచిదని అందరూ చెబుతారు గాని, అమెరికా నుంచి వచ్చినవారికి మొదటి రెండు మూడు రోజులు లెక్క తిరగబడుతుంది. మన ఉదయం వారికి రాత్రి గనుక, ఆ వేళ కళ్ళకు తగిలే వెలుగు నిద్ర వేళను ఇంకా ఆలస్యంగా, అంటే సాయంత్రం నడక మొదలయ్యే వైపుకు నెడుతుంది. అందువల్ల పొద్దున్నంతా వసారా నీడలో ఉండి, మధ్యాహ్నం తలుపులు వేసుకుని మూడు గంటలు పడుకుని, సాయంత్రం 4 గంటల తరువాత చంపావతి ఒడ్డున వెలుగు తగిలేలా పొద్దు వాలేవరకు తిరగడం మంచిది. భోజనం మాత్రం మన వేళలకే చేయాలి. విమానంలో ఒళ్ళు ఎండిపోయి ఉంటుంది కాబట్టి తరవాణి (పులిసిన అన్నపు నీరు), పల్చటి మజ్జిగ ధారాళంగా ఇవ్వండి. చోడి (రాగి) అంబలి కూడా తేలికే.

మాత్రల విషయం అశ్రద్ధ చేయకండి. పదిన్నర గంటల తేడాలో ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, రాత్రంతా నడిచే రోజున మోతాదు మార్చాలో లేదో అక్కడి వైద్యుణ్ణి బయలుదేరకముందే అడగాలి. జేబులో గ్లూకోజ్ ఉండాలి. సుదీర్ఘ విమాన ప్రయాణం తరువాత రెండు పాదాలూ కొద్దిగా వాచడం మామూలే. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా అది రక్తం గడ్డకట్టిన గుర్తు కావచ్చు. నడక మానుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కొండ చుట్టూ తిరగలేనివారు ఆ రోజు పైన ఆలయం చుట్టూ ప్రదక్షిణ చేసే ఆనవాయితీ ఉన్నదే గనుక, ఒంట్లో కుదుటపడితే మొక్కు ఆ విధంగా చెల్లించుకోవచ్చు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు 32 కిలోమీటర్లు వట్టి కాళ్ళతో నడవడం నేను ఒప్పుకోను. మెత్తటి బూట్లు వేసుకుంటే అప్పన్న కోపగించుకోడు.

ప్రదక్షిణకు ముందు నడిచే స్వామివారి పుష్పరథం మధ్యాహ్నం కదిలినా మీ అబ్బాయి దాని వెంట పడనక్కరలేదు. పౌర్ణమికి ముందు రోజు, చతుర్దశి నాడు భోజనం చేసి 3 గంటల వరకు పడుకుని, 4 గంటలకు నెల్లిమర్లలో బయలుదేరితే సాయంత్రానికి కొండ దిగువన నడక మొదలయ్యే తొలిపావంచాకు (తొలి మెట్టుకు) చేరవచ్చు. వాహనాలను దారి మళ్లిస్తారు కాబట్టి కారు దూరంగా ఆగినా కంగారు పడకండి. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా జోడుగుళ్లపాలెం తీరానికి వచ్చేసరికి రాత్రి బాగా గడుస్తుంది. అక్కడ లోతుకు దిగకుండా నీళ్ళు తలమీద చల్లుకుంటే చాలు. అలలు ఉద్ధృతంగా ఉంటాయి, పైగా తడిసిన పాదాలకు బొబ్బలు త్వరగా లేస్తాయి. అక్కడి నుంచి ఇసుకతోట, సీతమ్మధార, కంచరపాలెం, మాధవధార, గోపాలపట్నం దాటి తిరిగి కొండ దిగువకు వచ్చేసరికి తెల్లవారుతుంది. అప్పటిదాకా చురుగ్గా ఉన్నవాడు ఉదయం ఎండెక్కేకొద్దీ కూలబడిపోతాడు. తిరుగు ప్రయాణంలో అతను గాని, రాత్రంతా తోడు నడిచినవారు గాని కారు నడపకూడదు. ఇంట్లో నిద్రపోయినవారు ఎవరైనా పొద్దున వచ్చి తీసుకువెళ్ళాలి.

ప్రశ్న: మా అమ్మాయి సిడ్నీ నుంచి వస్తోంది. తేడా నాలుగున్నర గంటలే కదా, శ్రీకాకుళంలో ఒక్క రాత్రి పడుకుని మర్నాడు రాత్రి రథంతో పాటు నడవగలదా?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: తేడా తక్కువైనా, రాత్రి నడకకు డాలస్ అబ్బాయి కంటే మీ అమ్మాయికే ఇబ్బంది ఎక్కువ. సిడ్నీ మనకంటే ముందుంటుంది గనుక, మనకు రాత్రి 11.30 అయ్యేసరికి ఆమెకు తెల్లవారుజామున 4 గంటలు. నడక మధ్యలో, సముద్ర తీరం దాటిన తరువాత కళ్ళు మూతలు పడతాయి. అయితే మనకు తెల్లవారుజామున 4 గంటలకు ఆమెకు ఉదయం 8.30 కావడంతో ఎవరూ లేపకుండానే మెలకువ వస్తుంది. రథం కదలకముందే, చతుర్దశి ఉదయం నుంచే బయలుదేరేవారు చాలా మంది ఉంటారు. ఆమె వారితో చీకటి ఉండగానే మొదలుపెడితే రోడ్డు కాలిపోయే లోపు చాలా దూరం దాటవచ్చు. శ్రీకాకుళం నుంచి సింహాచలానికి వంద కిలోమీటర్లకు పైనే కాబట్టి, ముందు రాత్రి విశాఖలో గోపాలపట్నం వైపు ఎక్కడైనా గది తీసుకుని 8 గంటలకే పడుకోనివ్వండి. రథంతోనే నడవాలని ఆమె పట్టుబడితే, కనీసం నాలుగు రాత్రులు ముందుగా వచ్చేలా టికెట్ మార్పించండి.